మూత ఉన్నదేదీ గడప దాటదు

పాత ఫ్రిజ్ ఎవరు తెచ్చినా నేను ముందు చూసేది కంప్రెసర్ కాదు. తలుపు తీసి, దాని అంచున చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో లాగి, ఆ మడతలో ముక్కు పెడతాను. మొన్న కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ఆటోలో ఫ్రిజ్ వేసుకొని మా దుకాణానికి వచ్చింది. "మంచిగనే నడుస్తది అంకుల్. ఎవరన్న లేనోళ్లకు ఇయ్యుండ్రి" అన్నాడు అతను. మంచి మనసే. నేను ముక్కు పెట్టేసరికి ఆ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వనీ. ఈ అలవాటు నాది కాదు, ఒకావిడ దగ్గర అంటుకున్నది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇంతకాలం ఆమె సంగతి ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఆ నవ్వు విన్నాక చెప్పాలనిపించింది.

పేరు రాయను. ఆమె వాళ్లు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. మా దుకాణంలో మేం పెట్టుకున్న పేరు మూతలమ్మ. కొత్తగూడెంలో మాది పాత సామాను దుకాణం. అప్పట్లో మా అబ్బా, అంటే మా నాన్న, గల్లా దగ్గర కూర్చునేవాడు. బాగయ్యే సామాను బాగుచేసి అమ్మేవాడు, కానిదాన్ని విరిచి ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప పోసేవాడు. ఆమె భర్త కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి, ములకలపల్లి అవతల అడవి అంచున భూములు తీసుకొని పత్తి పెట్టిన రైతు. ఎనభైలలో మాట. అప్పటికి నేను మీసం తిప్పుతూ అబ్బా పక్కన పని చేస్తున్నాను, సంబంధాలు కూడా చూస్తున్నారు.

ఆమె రాక ట్రాక్టర్ మీదే. డ్రైవర్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చోమన్నా కూర్చునేది కాదు. వెనక ట్రాలీలో గోనెసంచి పరుచుకొని, కాళ్లు చాపుకొని, ఒళ్లో ఏదో ఒక చచ్చిన సామాను పెట్టుకొని వచ్చేది. ఎత్తు మనిషి. నుదుట రూపాయంత బొట్టు. బుగ్గన ఎప్పుడూ లవంగం. దిగుతూనే "సాయిబూ, ఉన్నావా?" అని ఒక కేక. ఆ కేక వినగానే అబ్బా నావైపు చూసి, "వచ్చింది రా మూతలమ్మ. ఇయ్యాల దేని ప్రాణం తీసి తెచ్చిందో" అని గొణిగేవాడు.

అలా గొణగడానికి కారణం ఉంది. ఆమె ఇంట్లో రేడియో మూగబోతే, పంకా ఆగిపోతే, ఇస్త్రీ పెట్టె వైరు కాలితే, వాటిని మా దగ్గరే బాగుచేయించి, తిరిగి ట్రాలీలో వేసుకొని వెళ్లి, దారిలో ఏదో ఒక గూడెంలో ఇచ్చేసేది. చేతికి ఎముక లేని మనిషి. కానీ మూత ఉన్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి మనిషే మారిపోయేది. కుక్కరు, ఫ్లాస్కు, పాల క్యాను, బియ్యం డ్రమ్ము, టిఫిన్ క్యారియరు, ఏదైనా సరే, గునపంతో అడుగున పొడిచి గానీ మాకు తెచ్చేది కాదు. అబ్బాకు ప్రాణం ఉసూరుమనేది.

"అమ్మా, గీ కుక్కరుకు రబ్బరు ఏస్తే ఇంకో పదేండ్లు ఉడుకుతుండె గదా! గిట్ల పొడిచి తెస్తరేంది?"

"మూత ఉన్నదేదీ మా గడప దాటదు సాయిబూ."

"మరి మూత మీరే ఉంచుకొని గిన్నె నాకియ్యుండ్రి."

"గిన్నె బాగుంటే దానికి మూత ఎవరో ఒకరు వెతుక్కుంటారు. చిల్లు పడితే ఎవరూ వెతుక్కోరు" అని, లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకొనేది.

మొదటిసారి మా దుకాణంలో ఛాయ్ ఇచ్చినప్పుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. అబ్బా ముఖం మాడిపోయింది. తురకోళ్ల గ్లాసని చూస్తున్నదనుకున్నాడు. ఆమె మాత్రం గుక్కలో తాగేసి, "బాగుంది సాయిబూ, ఇంకొంచెం పొయ్యి" అని గ్లాసు చాపింది. తరవాత తెలిసింది, ఆమె తన ఇంట్లో తన కోడలిచ్చే గ్లాసు కూడా అలాగే వాసన చూస్తుందని. కోడలికి ఒళ్లు మండేదట.

ఒకరోజు మా దుకాణం మూల వరసగా పేర్చిన రేకు డబ్బాలు ఆమె కంట పడ్డాయి. పత్తి రైతుల దగ్గర కొన్న పురుగుమందు డబ్బాలు. గట్టి రేకు, బిగుతు మూత. కడిగి పెడితే కిరసనాయిలు పోసుకోవడానికి, నూనె పోసుకోవడానికి జనం ఎగబడి కొనేవాళ్లు. అన్నీ నాకే కావాలంది ఆమె. అబ్బా సంబరంగా దింపాడు. డబ్బు చేతిలో పెట్టి, ట్రాలీలోంచి గునపం తీసి, మా గుమ్మం ముందే ఒక్కొక్కటీ పొడవడం మొదలుపెట్టింది. బజారంతా ఆగి చూసింది. అబ్బా నోరు తెరిచాడు గానీ, అమ్మేసిన సరుకు మీద ఏమని అరవాలో ఆయనకు తోచలేదు. చెమటతో బొట్టు కారుతుంటే ఆమె ఒక డబ్బా నా ముఖం దగ్గర పెట్టింది.

"అబ్బాయ్, చూడు. కడిగినట్టే లేదూ?"

నిజమే, తళతళలాడుతోంది.

"ఇప్పుడు ముక్కు పెట్టు."

పెట్టాను. మూత అంచు మడతలోంచి సన్నగా, తీపిగా, గొంతు పట్టేసే వాసన. తల వెనక్కి లాక్కున్నాను.

"మనం పారేసింది ఎక్కడికీ పోదు అబ్బాయ్. ఇంకొకళ్ల ఇంటికి పోతుంది, అంతే" అని మళ్లీ గునపం ఎత్తింది.

ఈ పిచ్చి ఎందుకు పట్టిందో ఆ ట్రాక్టర్ డ్రైవరే చెప్పాడు. వాళ్లు అడవి అంచున పత్తి పెట్టిన కొత్తలో, పొలంలో ఒక కోయ జంట పనిచేసేది. ఆ భార్యంటే ఈమెకు ప్రాణం. ఆ పిల్ల కాన్పుకి కూడా దగ్గర కూర్చున్నది ఈమేనట. ఇప్పనూనె పోసుకోవడానికి గట్టి డబ్బా లేదని ఆ పిల్ల అంటే, మంచి మూత ఉన్న మందు డబ్బా ఒకటి చూసి, చింతపండుతో, బూడిదతో తనే తోమి, ఎండబెట్టి ఇచ్చింది. కానుక ఇచ్చినట్టు చేతుల్లో పెట్టి ఇచ్చింది. ఆ తల్లి డబ్బాలోని నూనె తీసి, అప్పుడప్పుడే నడుస్తున్న కొడుక్కి ఒళ్లంతా రాసింది. సాయంత్రానికి పిల్లాడికి ఫిట్సు వచ్చాయి. ఈమె భర్తే మోటారు సైకిల్ మీద దవాఖానాకు తీసుకుపోయాడు. దారిలోనే ప్రాణం పోయింది.

జ్వరం అన్నాడు ఈమె భర్త. అడవి జ్వరం తలకెక్కిందన్నాడు. ఊరంతా జ్వరమే అంది. ఆ తల్లి కూడా జ్వరమనే నమ్మింది, బిడ్డను ఒళ్లో పెట్టుకొని మోటారు సైకిల్ మీద పోయిన దొర మాటను ఎందుకు నమ్మదు? డబ్బా అన్నది ఈమె ఒక్కతే. ఆ తరవాత ఈమె కాళ్లరిగేలా తిరిగి, ఆ తల్లికి ఆడపిల్లల ఆశ్రమ హాస్టల్లో వంటపని ఇప్పించింది. పండగకు చీర పెట్టేది. అది పెట్టినప్పుడల్లా డబ్బా మాట ఎత్తేది, ఆ తల్లి కొంగుతో ఈమె కళ్లు తుడిచి పంపేది. బిడ్డ పోయింది ఒకరికి, ఓదార్పు ఇంకొకరికి.

"పాపం, పిచ్చిదైంది" అన్నాను అబ్బాతో.

"పిచ్చిది గాదు. పిచ్చిది అనిపించుకున్నది. రెండూ ఒకటి గాదు" అన్నాడు అబ్బా. ఆ రోజు నుంచి మా దుకాణంలో మందు డబ్బాలు కొనడం మానేశాడు, గొణగడం మాత్రం మానలేదు.

ఇక ఆ భర్త సంగతి. చెడ్డవాడు అనడానికి నాకు నోరు రాదు. తెల్ల చొక్కా, నవ్వు ముఖం, ఊళ్లో ఏ చందాకైనా మొదటి చెయ్యి. "కడిగితే పోనిదేముంది సాయిబూ?" అనేది ఆయన ఊతపదం. ట్రాక్టర్ టైరుకి పేడ అంటినా, మనిషికి నింద అంటినా అదే మాట. పొలం షెడ్డులో ఆయన దగ్గర చెడిపోయిన పెద్ద ఫ్రిజ్ ఒకటుండేది. దానికి తాళం ఉండేది, ఆ రోజుల్లో ఫ్రిజ్‌లకు తాళాలుండేవి. పురుగుమందు సీసాలన్నీ అందులో పెట్టి తాళం వేసేవాడు, కూలోళ్ల పిల్లలు ముట్టుకోకుండా. ఆ తెలివి చూసి మిగతా రైతులు మెచ్చుకున్నారు, మా దగ్గర చెడిన ఫ్రిజ్‌లు అడిగి కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. భార్య కూడా ఒప్పుకున్న ఒకే ఒక్క మూత అది. కానీ పత్తి మానేసి మామిడి పెట్టినప్పుడు, దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, సాయిబుకి కూడా వద్దు, ముక్కలు చేసి గోతిలో పూడ్చండి అని చెప్పింది. పూడ్చేశానన్నాడు ఆయన.

పూడ్చలేదు. మా దుకాణానికి తెచ్చాడు. ఇదంతా మాకు తరవాత తెలిసింది గానీ, మీకు ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు ఆయన అబ్బాతో చెప్పింది వేరు. విత్తనాలు దాచిన ఫ్రిజ్ అన్నాడు. మా అమ్మ పేరు మీద హాస్టల్ పిల్లలకు ఇద్దామనుకుంటున్నాను, ఎండాకాలం చల్లని నీళ్లు తాగుతారు, కొత్తదానిలా చెయ్యి అన్నాడు. వాసనేందని అబ్బా అడిగితే ఫినాయిల్‌తో కడిగించానన్నాడు. అబ్బా మనసు పెట్టి చేశాడు. గ్యాసు పట్టించాడు, లోపల సోడాతో తోమించాడు, పైన లేత నీలం రంగు కొట్టించాడు. తలుపు మీద ఎర్ర అక్షరాలతో ఆ పెద్దావిడ పేరు నేనే దగ్గరుండి రాయించాను. అదే తలుపును వారం తిరక్కుండా తన చేతులతో పీకుతాడని అబ్బాకు అప్పుడు తెలియదు.

హాస్టల్లో ఇచ్చే రోజున మమ్మల్నీ రమ్మన్నారు. ఎండ మండిపోతోంది. ఆవరణలో టార్పాలిన్ పందిరి, నాలుగు కుర్చీలు, పైనుంచి వచ్చిన ఒక ఆఫీసరు. వరండాలో ఫ్రిజ్, దానికి బంతిపూల దండ. ముందు రోజే మేం దింపి ప్లగ్గు పెట్టి వచ్చాం కాబట్టి, వార్డెనమ్మ ఐసు ట్రేలలో పంచదార నీళ్లు పోసి గడ్డ కట్టించింది. ఐసుగడ్డను చేత్తో ముట్టుకోని పిల్లలే ఎక్కువ వాళ్లలో. పళ్లెంలో ఆ ముక్కలు చూస్తూ వరసలో నిలబడి ఒకరినొకరు తోసుకుంటున్నారు. వంటావిడ, ఆ పోయిన పిల్లాడి తల్లి, గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. భర్త పక్కనే పట్టుచీరలో మా మూతలమ్మ. ఆమెతో ఆయన చెప్పింది మాత్రం, సాయిబు దుకాణంలో సెకండ్ హ్యాండ్‌ది కొన్నానని.

"మొదటి ముక్క అమ్మగారి చేతుల మీదుగా" అన్నాడు ఆఫీసరు.

ఆమె ముందు పళ్లెం వైపు కాదు, ఫ్రిజ్ వైపు వెళ్లింది. తలుపు తీసింది. రబ్బరు పట్టీని వేలితో లాగి ముక్కు పెట్టింది. నేనూ అబ్బా ఒకరి ముఖం ఒకరం చూసుకొని నవ్వుకున్నాం, ఎక్కడికెళ్లినా ఇదేనని. ఆమె తిరిగేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికే ఓర్చుకోలేని పిల్ల ఒకతె పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకొని నోటి దగ్గరికి ఎత్తింది. ఈమె ఒక్క అంగలో పోయి ఆ చేతి మీద ఛెళ్లుమని కొట్టింది. ఐసు ఎగిరి మట్టిలో పడింది. పెదవికి కూడా తగల్లేదు.

పిల్ల గుక్కపట్టింది. నా వెనక ఎవరో, "సూసినవా, కోయపిల్ల తింటే ఓర్వలేకపాయె" అన్నారు, తక్కువ గొంతుతో ఏమీ కాదు.

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. భర్తనే చూస్తోంది. "ఇది మన షెడ్డులోదేనా?"

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడాయన.

"ఇందులో ఎండ్రిన్ పెట్టాం! పూడ్చేశానన్నారు నాతో! పిల్లలు తినే ఐసండీ ఇది!"

ఎండ్రిన్ అంటే పత్తికి కొట్టే విషం, ఆ మాటకు ఆ పక్క ఊళ్లలో అర్థం చెప్పనక్కరలేదు. వార్డెనమ్మ పళ్లెం వెనక్కి లాక్కుంది. అబ్బా నా భుజం పట్టుకున్నాడు. ఆయన తన చేతులతో తోమించిన ఫ్రిజ్ అది.

భర్త మాత్రం నవ్వాడు. అదే నవ్వు ముఖం. "ఏమనుకోకండి సార్. మా ఆవిడకి మూత కనిపిస్తే చాలు, ఇదే జబ్బు. ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. కుక్కర్లు, ఫ్లాస్కులు, ఇంట్లో ఏదీ మిగల్లేదు. ఎప్పుడో జ్వరంతో ఒక పిల్లాడు పోతే, అది మనసులో పెట్టుకొని..." అన్నాడు. జనం ఊపిరి వదిలారు. కొందరు నవ్వారు కూడా. ఆమె ఇన్నేళ్లూ పొడిచిన ప్రతి డబ్బా ఆ నిమిషాన ఆమెకే అడ్డం తిరిగింది. మూతలమ్మ మాటకు విలువేముంది? ఆ పేరు పెట్టిన వాళ్లలో మేమూ ఉన్నాం.

వంటావిడ గుమ్మం దిగి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఎన్నేండ్లని గిట్ల కుములుతవ్? నా బిడ్డ జరంతోని పోయిండు. దొర అప్పుడే చెప్పిండు గదా. నాకే లేని బాధ నీకెందుకు? పా, నీడకు పోదాం" అంది.

ఆమె కదల్లేదు. వార్డెనమ్మ చేతిలోని పళ్లెంలోంచి ఒక ఐసు ముక్క తీసింది. రెండు అడుగులు వేసి భర్త ముందు నిలబడి చెయ్యి చాపింది.

"అయితే మీరు తినండి."

"ఏంటే ఇది, నలుగురిలో..."

"కడిగారుగా. కడిగితే పోనిదేముంది? తినండి."

"నాకు పళ్లు జివ్వుమంటాయి, నీకు తెలుసుగా."

"కొరకొద్దు, పోనీ నాలిక మీద పెట్టుకొని ఉమ్మేయండి."

ఆఫీసరు కూడా అందుకున్నాడు. "తినేయండి సార్, ఆవిడ తృప్తి కోసం. ఒక్క ముక్కేగా."

ఆయన చెయ్యి లేచింది. నేను కళ్లప్పగించి చూస్తున్నాను. అది ఐసు దాకా వచ్చి, పక్కకి తిరిగి, జేబులోకి పోయి రుమాలు తీసింది. ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. ఐసు కరిగి ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. "యా అల్లా" అన్నాడు అబ్బా, నాకొక్కడికే వినబడేట్టు. ఇంతమంది పిల్లలకు పెట్టబోయిన దాన్ని ఆయన నాలిక మీద కూడా పెట్టుకోలేకపోయాడు. తెలిసే తెచ్చాడా, కడిగితే పోయిందని నిజంగానే నమ్మాడా, నేను ఇప్పటికీ తేల్చుకోలేను. నమ్మినవాడైతే తినేవాడు.

అప్పుడు అందరం ఫ్రిజ్‌నీ ఆయన్నీ చూస్తున్నాం. వంటావిడ ఒక్కతే ఆ రుమాలును చూస్తోంది. ఆమె చెయ్యి మూతలమ్మ భుజం మీద నుంచి మెల్లగా జారింది.

"దొరా" అంది. గొంతు పెంచలేదు. "అయితే నా బిడ్డకు వచ్చింది జరం గాదా?"

ఆయన రుమాలు మడత పెడుతున్నాడు.

ఆ తల్లి మూతలమ్మ వైపు తిరిగింది. ఇన్నేళ్లుగా ఎవరూ నమ్మని మాట నమ్మించుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని నేనూ అటే చూశాను. చూడకుండా ఉండాల్సింది. మూతలమ్మ తడి చేతులతో ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"జ్వరం కాదు తల్లీ. నా చేత్తో నేనిచ్చిన డబ్బా."